మండలదీక్షతో యంత్రసిద్ధి

అమీర్‌పేట గోడలపై "40 దినములలో పీఎల్‌సీ, స్కాడా, డ్రైవులు సంపూర్ణము, 100 శాతము ఉద్యోగము" అను ప్రకటనలు కంటబడినప్పుడెల్ల, శబరిమల యాత్రికులకే పరిమితమనుకొన్న మండలదీక్ష యంత్రములను వశపరచుకొనుటకును చాలునని కనిపెట్టిన మహనీయులకు సాష్టాంగపడవలెనని నాకు తోచుచుండును. ఈ దీక్షకు నల్లబట్టలతో పనిలేదు. రుసుము ముందుగా చెల్లించిన చాలును.

1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు, కార్ల నమూనా మారినప్పుడెల్ల రిలేలతో క్రిక్కిరిసిన బీరువాలను విప్పి తీగెలన్నియు తిరిగి కలుపుకొను యాతన పడలేక, తీగె కదలకుండ పని మారునట్టి పరికరము కావలెనని కోరగా, డిక్ మోర్లీ బృందము వారు రూపొందించిన మోడికాన్ 084 అను పీఎల్‌సీ వారి కొరత తీర్చినది. దానితో పనిచేయవలసినవాడు కర్మాగారపు ఎలక్ట్రీషియను గనుక, అతడు అదివరకే చదువనేర్చిన రిలే పటమునే భాషగా దిద్ది ల్యాడర్ లాజిక్ అనిరి. తీగె తెలిసినవానికి ప్రోగ్రాము సుగమము కావలెనని పుట్టిన ఈ విద్యను, స్క్రూడ్రైవరైనను పట్టనివానికి ఉపదేశించి కృతార్థులగుచున్న మన గురువుల ప్రతిభ మోర్లీకి సైతము ఊహకందియుండదు.

ఉపదేశమంతయు సిమ్యులేటరులోనే. అందు ట్రాఫిక్ దీపములు క్రమము తప్పవు, తొట్టి నిండగనే పంపు ఆగును, సెన్సరుపై సిమెంటు దుమ్ము పేరుకొనదు. సైటులో ట్రాన్స్‌మిటరు సంకేతము సున్నకు బదులు 4 మిల్లీయాంపులనుండి మొదలై 20 వరకు సాగుటకు, తొట్టి ఖాళీయైనదో తీగెయే తెగినదో వేరుగా తెలియవలెనను ముందుచూపు కారణము. ఎమర్జెన్సీ స్టాప్ బొత్తాములో, నొక్కనంతసేపు కరెంటు ప్రవహించుచుండునట్లు అమర్చుటకును, తీగె తెగినచో యంత్రము దానంతట అదే ఆగవలెననుటయే హేతువు. తీగె తెగునను భయమునుండి ఇంత వివేకము పుట్టిన శాస్త్రమును, తీగెయే లేని లోకములో బోధించుట అద్వైతమునకు పరాకాష్ఠ కాబోలు! ఆ లోకమున శిష్యుడు మొట్టమొదట అలవరచుకొను విద్య "ఫోర్స్": రాని సంకేతమును వచ్చినట్లు బలవంతముగా నమ్మించుట. ప్రెస్సు ముందరి రక్షణ తలుపు స్విచ్చును ఈ విధముగా నమ్మించి, దానిని తొలగింప మరచి ఇంటికి పోయినచో, మరునాటి ఉదయము అందులో చేయి పెట్టువాడు వేరొకడు.

జీడిమెట్లలోను, పాశమైలారములోను కొందరు యజమానులు ఫ్రెషరే కావలెనందురు, జీతము ఫ్రెషరుకు తగినదే ఇత్తుమందురు, సైటు అనుభవము మాత్రము రెండేండ్లు ఉండవలెనందురు. ఈ ధర్మసూక్ష్మము నెరిగిన కొన్ని శిక్షణసంస్థలు, మరికొంత రుసుమునకు అనుభవపత్రమును గూడ ప్రసాదించుచున్నవి. సాఫ్ట్‌వేరులో దొంగ అనుభవము బయటపడినచో తెర మీద ఎర్రని అక్షరములు వచ్చును. బాయిలరు దగ్గర బయటపడు తీరు కొంచెము భిన్నము.

నిజమునకు ఈ వృత్తికి ద్వారమొకటి ఉన్నది. ప్యానెళ్లు కట్టు రేకుల షెడ్డులో తీగెలకు ఫెర్రూల్ నంబర్లు తొడుగుచు, డ్రాయింగుతో ప్రతి టెర్మినలును సరిచూచుచు, షట్‌డౌన్ రాత్రులలో కమిషనింగు ఇంజినీరు వెంట టూల్‌బాక్సు మోయుచు పోయిన ఐటీఐ కుర్రవాడు ఏ కరపత్రమును చదువకయే ల్యాప్‌టాపు వరకు చేరుచున్నాడు. షెడ్డులో జీతము స్వల్పమే. కాని అక్కడ ఎదురు జీతమిత్తురు గాని రుసుము పుచ్చుకొనరు గనుక, ఆ ద్వారమును కరపత్రములలో వర్ణించుట వ్యాపారధర్మము కాదు.

ఇక ఆ 100 శాతము అసత్యమని నేననను. దీక్ష ముగించి, ఎందును పని దొరకక తిరిగివచ్చిన శిష్యుని సంస్థవారు ఆదరించి ఉద్యోగమిచ్చి లెక్క పూర్తిచేయుదురు. వచ్చు సోమవారము మొదలగు బ్యాచికి అతడే గురువు.