సంతకం పెడితే స్థిమితం

మన ఇళ్లలో పెద్దాయనకు మతి సవ్యంగా ఉందో లేదో తేల్చడానికి డాక్టరు అక్కర్లేదు. గిఫ్ట్ డీడ్ కాగితాలు ముందు పెట్టి చూస్తే చాలు. సంతకం పెట్టాడా, "ఎనభై ఏళ్లొచ్చినా నాన్న బుర్ర పాదరసమండీ!" పెట్టనన్నాడా, "వయసు మీద పడింది, ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలీట్లేదు, పాపం." ఆ 'పాపం' దగ్గర గొంతు కాస్త తగ్గించాలి. పితృభక్తి అక్కడే కనపడుతుంది.

ఇంత సులువైన పరీక్ష మన దగ్గరుండగా పార్లమెంటు పనిగట్టుకుని 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. మరుసటేడు మే 29 నుంచి అది అమల్లో ఉంది కూడా. అందులో నాలుగో సెక్షను చదివితే ఒళ్లు మండుతుంది. మానసిక రోగి అయినా సరే, వైద్యం సంగతి అర్థం చేసుకోగలిగినా, దాని పర్యవసానం గ్రహించగలిగినా, కనీసం సైగతో తన ఇష్టం తెలపగలిగినా, ఆ వైద్యం విషయంలో నిర్ణయం అతనిదేనట. పైగా ఆ నిర్ణయం పక్కవాళ్లకు తప్పుగా తోచినంత మాత్రాన అతనికి ఆ శక్తి లేదనకూడదట! మనకు తప్పుగా తోచడం కాక వేరే రుజువు ఈ దేశంలో ఎవరు అడిగారు?

కులం కాని కుర్రాణ్ణి చేసుకుంటానన్న కూతుర్ని "దీనికేదో అయింది" అంటూ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లే తల్లిదండ్రులకూ ఇది చుక్కెదురే. సమాజపు విలువలకు ఎదురు నిలవడాన్ని జబ్బు కింద జమకట్టొద్దని మూడో సెక్షను. ఇదేదో ముందే చెప్పి ఉంటే తాయెత్తుల ఖర్చు మిగిలేది.

రేపు జబ్బు చేస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చట. నా తరఫున మాట్లాడే మనిషిని నేనే ఎంచుకోవచ్చట, కొడుకును కాదని స్నేహితుణ్ణయినా సరే. వీలునామా రాయించడానికి లాయర్ని ఇంటికే పిలిపించిన కొడుకుల్ని చాలామందిని చూశాను. ఈ రెండో కాగితం గురించి నాన్నకు చెప్పిన కొడుకు మాత్రం ఇంతవరకు తారసపడలేదు.

నిజంగానే మతి జారిపోయేవాళ్లు లేరా? ఉన్నారు. డిమెన్షియా వచ్చిన తల్లి స్టవ్ వెలిగించి మరిచిపోతుంది, ఫోన్లో ఎవడో అడిగితే ఓటీపీ చెప్పేస్తుంది. "ఆవిడ ఇష్టం ఆవిడది" అని ఆమెను ఆమె మానాన వదిలేసి దానికి స్వేచ్ఛ అని పేరు పెడితే, అంతకన్నా చవకైన తప్పించుకునే దారి లేదు. కానీ ఆమె ఖాతా నడపడానికి ఒక మనిషిని పెట్టమని అడగబోతే మన చట్టాలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కొన్ని వైకల్యాల వరకే. అంతకుముందున్న 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి సంరక్షణకంటూ ఒక అధ్యాయం ఉండేది, 2017లో దాన్ని తీసేసి ఆ స్థానంలో ఏమీ పెట్టలేదు. అందుకే అమ్మ పింఛను డబ్బుతో అమ్మకే మందులు కొనడానికి జనం హైకోర్టులో రిట్లు వేస్తున్నారు. బ్యాంకు మేనేజరు ఈలోగా "ఆవిణ్ణే తీసుకొచ్చి సంతకం పెట్టించండి" అంటాడు.

ఆస్తి పత్రాల దగ్గర ఈ గొడవేమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మహా దయగలది. ఎప్పుడూ మతి చలించి ఉండే మనిషికి మధ్యలో మతి కుదిరితే, ఆ కాసేపట్లో ఒప్పందం చేసుకోవచ్చంటుంది. మన పెద్దలకు ఆ కాసేపు సరిగ్గా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ దొరికిన పూటే వస్తుంది.

ఇల్లు చేతికొచ్చాక అన్నం కరువవుతుంది. "చూసుకుంటానన్న షరతు మీద రాయించుకుని గెంటేశాడు, నా ఇల్లు నాకిప్పించండి" అని ముసలాయన వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం ఇరవై మూడో సెక్షను కింద ఆర్డీవోకి అర్జీ పెడతాడు. కొడుకు అమెరికా నుంచి దిగి, చేతులు కట్టుకుని విన్నవిస్తాడు: "సార్, మా నాన్నగారికి మతి స్థిమితం లేదండీ, ఆ అర్జీ పట్టించుకోకండి." మరి ఇల్లు రాసిచ్చిన రోజు సంగతేమిటని ఆర్డీవో అడుగుతాడు.

"ఆ రోజు బాగానే ఉన్నారండీ. సాక్షులు కూడా ఉన్నారు."