మొరాయించడమే నా ఉద్యోగం

ఈ ఇంట్లో నన్ను కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు మెకానిక్, ఇంకొకరు రిటైరైన రైల్వే పెద్దాయన. వంట చేసేవాళ్లు నన్నెప్పుడూ చూడలేదు గానీ, తిట్లన్నీ వాళ్లవే. ఫుడ్ ప్రాసెసర్ లోపల, ప్లాస్టిక్ గోడ వెనక, మోటారు పక్కన రెండు స్క్రూలతో బిగించిన నల్లటి స్విచ్‌ని నేను. పొడవు 28 మిల్లీమీటర్లు, ఎత్తు 16, మందం 10. నెత్తిన ఒక బొత్తాం, కింద మూడు కాళ్లు. వైర్లున్నవి రెండు కాళ్లకే, మూడోది ఖాళీ. నన్ను మైక్రోస్విచ్ అంటారు.

నా పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. గిన్నె సరిగ్గా కూర్చోకపోయినా, మూత పూర్తిగా తిరగకపోయినా మోటారుకి కరెంటు పోనివ్వను. చెప్పడం తేలికే, దీనికోసం పడే మాటలు మాత్రం చాలా ఎక్కువ. ఫ్యాను తిరిగితే పనిచేస్తున్నట్టు, బల్బు వెలిగితే పనిచేస్తున్నట్టు. నేను పనిచేస్తే మాత్రం యంత్రం ఆగిపోతుంది. దాంతో నేను పనిచేసిన ప్రతిసారీ ‘చెడిపోయింది’ అంటారు.

లోపల జరిగేది కాస్త చూడండి. మూత అంచున ఒక చిన్న నాలుక ఉంటుంది. మూత మీది బాణం గుర్తు తాళం గుర్తుకి ఎదురుగా వచ్చేదాకా తిప్పితే, ఆ నాలుక గిన్నె పిడి లోపలున్న సన్నటి పుల్లని కిందికి నొక్కుతుంది. పుల్ల నా బొత్తాన్ని నొక్కుతుంది. గిన్నె తన గాడిలో పూర్తిగా తిరగలేదనుకోండి, పుల్ల నాకు ఎదురుగానే రాదు. మూత కొద్దిగా తక్కువ తిరిగిందనుకోండి, పుల్ల దిగదు. రెండూ కుదిరితేనే ‘టక్’. మీరెంత మెల్లగా నొక్కినా నాలోని రేకు స్ప్రింగు మాత్రం మెల్లగా కదలదు. హద్దు దాటగానే ఒక్క దూకు దూకి అవతలి కాంటాక్టుకి అంటుకుంటుంది. అది నాన్చుతూ పోతే మధ్యలో నిప్పురవ్వ నిలిచి కాంటాక్టులు మాడిపోతాయి.

ఈ దూకుడు మాకు 1932లో అబ్బింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫ్రీపోర్ట్ అనే ఊరుంది. అక్కడ బర్జెస్ బ్యాటరీ కంపెనీలో పనిచేసే మెక్‌గాల్ మా మూలపురుషుణ్ని తయారుచేశాడు. మైక్రో స్విచ్ అన్న ట్రేడ్‌మార్కు 1950 నుంచి హనీవెల్ వాళ్లది. ఎవరు చేసినా మమ్మల్నందరినీ అదే పేరుతో పిలవడం బజారు అలవాటు.

మిక్సీ వంశంలోకి మాత్రం నేను ఆలస్యంగా వచ్చాను. సీమెన్స్‌లో ఇంజనీరైన సత్యప్రకాశ్ మాథుర్, భార్య మాధురి వాడే బ్రాన్ మిక్సీ మన వంటలకు తట్టుకోలేక కాలిపోయిందని, మన మసాలాలకు ఆగే మోటారుతో సొంతంగా మిక్సీ తయారుచేశాడు. 1963లో ‘సుమీత్’ అలా పుట్టింది. అప్పటినుంచి మన మామూలు మిక్సీల్లో మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి తిప్పడమే భద్రత. ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 చుట్లు దాటే మోటారుకి ఒక అరచెయ్యే కాపలా! ఫుడ్ ప్రాసెసర్ దారి వేరు. ఫ్రాన్స్‌లో పియర్ వెర్డన్ హోటళ్ల కోసం చేసిన యంత్రాన్ని చూసి, కార్ల్ సాంథైమర్ 1973లో అమెరికా ఇళ్లకు క్విజినార్ట్ పేరుతో పరిచయం చేశాడు. ఆ తొలితరం యంత్రాల్లో మూత తిప్పడమే ఆన్ చేయడం. మూతకీ మోటారుకీ ముడి అప్పుడే పడిందన్నమాట. మనవాళ్ల చేతులు మాత్రం మిక్సీకి అలవాటుపడ్డవి. స్విచ్ వేస్తే తిరగాలి, తిరగకపోతే పోయినట్టే. నా కష్టాలకు మొదలు ఇక్కడే ఉంది.

మా ఇల్లు మల్కాజ్‌గిరిలో, మిర్జాల్‌గూడ వైపు. ఒక పక్క లాలాగూడ వర్క్‌షాపు, ఇంకో పక్క మౌలాలి లోకోషెడ్డు ఉండటంతో ఈ చుట్టుపక్కల కాలనీల్లో రైల్వే పెన్షన్ తీసుకునేవాళ్లు వాకింగ్‌లో గుంపులు గుంపులుగా కనిపిస్తారు. మా పెద్దాయనా వాళ్లలో ఒకరు. సిగ్నల్ మెయింటైనర్‌గా చేసి దిగిపోయాడు. ఈ సంగతి నాకు తర్వాత అక్కరకొచ్చింది.

ముందు మెకానిక్ సంగతి. ఆదివారం పొద్దున. కోడలు గారెల పిండిలోకి ఉల్లిపాయలు తరగడానికి నన్ను... అదే, మా యంత్రాన్ని బయటికి తీసింది. గిన్నె పెట్టింది, మూత తిప్పింది, నాబ్ తిప్పింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. మూత తీసి పెట్టింది, చరిచింది, గిన్నెని అటూ ఇటూ ఊపింది. తిరగలేదు.

అసలు తప్పు నాది కాదు. మూతదీ కాదు. పిడిలోని పుల్ల ఉండే గాడిలో అంతకుముందెప్పుడో పడ్డ శనగపిండి, కొబ్బరిపాలు గట్టిపడి సిమెంటులా పట్టేశాయి. పుల్ల సగంలో ఆగిపోయింది. మూత వేసినా వేయనట్టే నాకు లెక్క. నాకు తెలిసింది ఒక్కటే, బొత్తాం నొక్కితే పంపడం, నొక్కకపోతే ఆపడం. ఆపాను.

మెకానిక్ వచ్చాడు. అడుగు విప్పాడు, మీటరు పెట్టాడు, నా రెండు కాళ్ల వైర్లూ పీకి వాటి కొసలు కలిపి మెలేసి టేపు చుట్టాడు.

“ఏం లేదమ్మా, లోపల సేఫ్టీ స్విచ్ పట్టుకుంటలేదు. డైరెక్ట్ చేసిన. ఇగ పరేషాన్ లేదు.”

“డైరెక్ట్ అంటే ఏమైనా ప్రమాదమా, అన్నా?”

“ఏం గాదు. అందరి ఇండ్లల్ల గిట్లనే నడుస్తున్నయ్.”

ఆ చివరి మాట అబద్ధమని నేననలేను. విప్పి చూస్తే నాలాంటివాళ్లు ఎన్ని యంత్రాల్లో టేపు పక్కన ఉత్తినే కూర్చున్నారో! మెకానిక్‌ని తప్పుపట్టడం కూడా అంత తేలిక కాదు. స్పేరు కోసం కోఠి గుజరాతీ గల్లీ దాకా పోయి రావాలంటే సగం పూట పోతుంది. గారెల పిండి ఆగదు. ఇంటివాళ్లకు కావలసింది యంత్రం తిరగడం, అతను తిప్పి చూపించాడు. డబ్బులు తీసుకున్నాడు. నేను ఇంటిపేరుండీ ఆస్తిలేని వారసుడిలా స్క్రూల మధ్య మిగిలాను.

ఆ తర్వాత యంత్రం హుషారుగా తిరిగింది. మూత వంకరగా పెట్టినా తిరిగింది. మూత లేకపోయినా తిరిగింది. అందరికీ సంతోషమే.

ఎండాకాలం. అత్తమ్మ పచ్చికొబ్బరి వేసి తిప్పుతుండగా కరెంటు పోయింది. కరెంటు పోతే నాబ్‌ని సున్నాకి తేవాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆమె మూత తీసి, గోడలకి అంటిన తురుముని ప్లాస్టిక్ గరిటెతో కిందికి తోస్తోంది. కరెంటొచ్చింది. నా వైర్లు నాకుంటే ఆ క్షణంలో ఏమీ జరిగేది కాదు. మూత లేదు, పుల్ల దిగలేదు, మోటారు నిద్రలేవదు. కానీ డైరెక్ట్ చేసి ఉంది కదా. కత్తి గిర్రున తిరిగింది. గరిటె రెండు ముక్కలై ఒకటి కిటికీకి తగిలింది, కొబ్బరి స్టవ్ దాకా చిమ్మింది. ఆమె చేతికి గీత కూడా పడలేదు. గరిటెకు బదులు వేళ్లు పెట్టి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

పెద్దాయన హాల్లోంచి వచ్చాడు. కిందపడ్డ ముక్క తీసి చూశాడు, ప్లగ్ పీకాడు, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని అడుగు విప్పాడు. టేపు చుట్టిన వైరు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. డ్యూటీలో ఉన్నప్పటి ముఖం అలానే ఉండేదేమో.

మెకానిక్‌ని మళ్లీ పిలిపించాడు. తిట్టలేదు.

“తమ్మీ, డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చినవా?”

“ఏం మెమో సార్?”

పెద్దాయన చెప్పాడు. రైల్వేలో సిగ్నల్ గేరు మీద పనిచేయాలంటే మెయింటైనర్ ముందు టి/351 ఫారం రాసి స్టేషన్ మాస్టరు చేతికివ్వాలి. ఫలానా గేరు పనిలో లేదు అని. మాస్టరు సంతకం పెట్టాకే చెయ్యి వేయాలి. పని అయ్యాక పరీక్షించి, మళ్లీ కలిపానని రాసివ్వాలి. ఇంటర్‌లాకింగ్ ఉన్న రైల్వే గేటయితే, గేటు మూసి తాళం పడితేనే సిగ్నల్ ఇవ్వడానికి వీలవుతుంది. సిగ్నల్ ఇచ్చాక గేటు తెరుచుకోదు. ఏదైనా అత్యవసరమైతే వేరే తాళంచెవి ఉంటుంది, కానీ సీలు వేసిన పెట్టెలో. సీలు పగిలితే ఎందుకు పగిలిందో లెక్క చెప్పాలి.

“దాటవేయడం మాక్కూడా ఉండె తమ్మీ. కానీ దాటేసినమని పదిమందికి తెల్వాలె. నువ్వు దాటేసి మూత బిగించి పోతివి. ఇంట్ల ఎవరికి తెల్సు?”

ఇంటర్‌లాకింగ్ గురించి మాట్లాడితే ఈయన ఆగడు. ఇంగ్లండ్‌లో జాన్ సాక్స్‌బీ 1856లో తీసుకున్న పేటెంట్ దగ్గర మొదలుపెట్టి, 1957 నుంచి సికింద్రాబాద్‌లో సిగ్నల్ చదువు చెబుతున్న ఇరిసెట్ మీదుగా బాలాసోర్ రైలు ప్రమాదానికి వచ్చాడు. 2023 జూన్ 2న బహనాగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా ఉంది, పట్టాలు మళ్లించే పాయింటు మాత్రం లూప్ లైన్‌కి ఉంది. 290 మందికి పైగా పోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిందేమిటి? సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు, గేటు బ్యారియర్ మార్చే పని జరిగినప్పుడు దొర్లిన లోపాలు. తయారీలో వచ్చిన తప్పు కాదు, బాగుచేసే చేతుల్లో పుట్టిన తప్పు. ఫుడ్ ప్రాసెసర్‌కి అంత పెద్ద ఉదాహరణ ఎందుకని కోడలు గొణిగింది. నాకూ ఎక్కువే అనిపించింది. మెకానిక్ మాత్రం తల దించుకుని నా వైపు చూశాడు, మొదటిసారి పరీక్షగా.

అప్పుడు పెద్దాయన నన్ను విప్పి తీశాడు. మెకానిక్ మీటరు పెట్టి, నా బొత్తాన్ని వేలితో నొక్కాడు. టక్. వదిలితే టక్. నేను చెడిపోలేదు, ఎన్నడూ చెడిపోలేదు. గిన్నె పిడిలోకి పాత టూత్‌బ్రష్షు, వేడినీళ్లు పోయేసరికి పుల్ల కిందికీ పైకీ ఆడింది. ఆ ఆదివారమే ఈపాటి పని చేసి ఉంటే టేపుతో పనే లేదు. మెకానిక్ తనే నా వైర్లు నా కాళ్లకి బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

“ఇది ఎందుకిట్ల పెట్టిండ్రు సార్? నొక్కితేనే నడిచేటట్టు? నొక్కితే ఆగేటట్టు పెడితే ఇంత తిప్పలు ఉండకపోవు గదా,” అని అడిగాడు పోతూ పోతూ. మంచి ప్రశ్న.

“సిగ్నల్ చెడిపోతే ఎర్రగ చెడిపోవాలె,” అన్నాడు పెద్దాయన. నా వైరు తెగినా, స్ప్రింగు విరిగినా, పుల్ల ఇరుక్కున్నా యంత్రం ఆగుతుంది. చిరాకు తప్పదు, వేళ్లు మిగులుతాయి. తిరగేసి పెడితే, నేను చచ్చిన రోజు ఎవరికీ తెలియకుండా కత్తి తిరుగుతూనే ఉంటుంది.

వంటింట్లో నాకు చుట్టాలున్నారు. మైక్రోవేవ్ తలుపు వెనక మావాళ్లే మామూలుగా ముగ్గురుంటారు. అందులో మూడోవాడి కాపలా మిగతావాళ్ల మీద. వాళ్లు తలుపు తెరిచాక కూడా కరెంటు వదలకపోతే ఫ్యూజు ఎగరగొడతాడు. ప్రెషర్ కుక్కర్ అయితే మాకంటే పెద్ద కులం, కరెంటే అక్కర్లేదు. లోపలినుంచి మూసుకునే మూత ఉన్న కుక్కర్లో ఆవిరే మూతని పైకి నొక్కి పట్టి, ప్రెషర్ దిగేదాకా తెరవనివ్వదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ 2347 ప్రకారం ఐఎస్‌ఐ మార్కు లేని ఇంటి కుక్కర్ అమ్మకూడదు. అంత కట్టుదిట్టం చేసినా, సేఫ్టీ వాల్వు కారుతోందని అసలుది పీకి చేతికందినది బిగించే ఇళ్లున్నాయి. ఆ బుద్ధీ, డైరెక్ట్ చేసే బుద్ధీ ఒకటే.

నా గొప్పలు నేనే చెప్పుకుంటే సరిపోదు, నా హద్దులూ చెప్పాలి. గిన్నెలో కత్తి పెట్టారో లేదో, తిరగేసి పెట్టారో నాకు తెలియదు. మూత పడిందా లేదా అన్నదే నా చదువు. మోటారు వేడెక్కి ఆగితే ఆ పని అడుగున ఉన్న ఎర్ర బొత్తాంది, నన్ను అనకండి. మామూలు జార్ పెడితే కొన్ని యంత్రాల్లో నా దాకా మాటే రాదు. ఇక ఎవరైనా కావాలని చెంచా కొసతో నా బొత్తాన్ని నొక్కి, మూత లేకుండా తిప్పితే, నేను పంపేస్తాను. మనవరాలు ఒకసారి ప్రయత్నించింది, పెద్దాయన చూశాడు కాబట్టి సరిపోయింది.

మీ ఇంట్లోనూ మూత మీద తాళం గుర్తున్న యంత్రం ఉంటే ఈ పరీక్ష చేయండి. ప్లగ్ పీకి, కత్తి తీసేయండి. ఖాళీ గిన్నె పెట్టి, మూత పెట్టకుండా, చేతులు దూరంగా ఉంచి, ప్లగ్ పెట్టి ఒక్క క్షణం నాబ్ తిప్పండి. తిరగకపోతే నాలాంటివాడు డ్యూటీలో ఉన్నట్టు. తిరిగితే ఎవరో డైరెక్ట్ చేసి వెళ్లి ఉండొచ్చు. ప్లగ్ పీకేసి మెకానిక్‌ని పిలవండి, కొత్త స్విచ్ వేయమని అడగండి. దాని ఖరీదు పెద్దగా ఉండదు.