కస్టర్డ్ దుప్పటి

అమెరికాలో తెలుగువాళ్ల సంక్రాంతి పాట్‌లక్‌కి పులిహోర ఎవరు తేవాలన్నదాని మీద వాట్సాప్‌లో వారం రోజులు చర్చ నడుస్తుంది. ఫ్రూట్ సలాడ్ దగ్గరికి వచ్చేసరికి చర్చే ఉండదు. వంట రానివాళ్లకో, కొత్తగా ఊళ్లోకి దిగిన బ్రహ్మచారులకో దాన్ని అంటగట్టేస్తారు. దాని లెక్క అందరికీ కంఠతా వచ్చు: చిలీ ద్రాక్ష, పెరూ మామిడి, లోపల దూదిలా తెల్లగా ఉండే స్ట్రాబెర్రీ, ఏ దేశం నుంచి వచ్చినా ఒకే రుచి ఉండే అరటిపండు, వీటన్నిటి మీదా పసుపుపచ్చటి కస్టర్డ్. తిన్నవాళ్లు "బావుందండీ" అంటారు. వాళ్లు మెచ్చుకునేది కస్టర్డ్‌ని. కింద సొరకాయ ముక్కలు ఉడికించి వేసినా ఆ మాటే అంటారు. నా వాదన ఇది: ఈ దేశంలో ఫ్రూట్ సలాడ్ చేసుకోవడానికి జనవరిని మించిన నెల లేదు. అలాంటి నెలలో మనం ఎండాకాలపు పండ్ల కోసం వెతుక్కుని, దొరికిన చప్పటి సరుకు పరువు కాపాడటానికి కస్టర్డ్ దుప్పటి కప్పుతున్నాం.

చెట్లన్నీ మోడువారి, కారు మీద జానెడు మంచు పేరుకుంటే ఇదేం పండ్ల కాలమండీ అని న్యూజెర్సీవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లు తినే ఇడ్లీరవ్వ కూడా న్యూజెర్సీలో పండదు కదా! పండ్లు ఎక్కడ పండుతాయో అక్కడి కాలం చూడాలి. కాలిఫోర్నియాలో నేవెల్ నారింజలు కోతకొచ్చేది నవంబరు నుంచి. రాత్రి చలి తగిలితేనే నారింజ తొక్కలో పచ్చదనం విరిగి, ఆ కాషాయరంగు తేలుతుంది. మన బత్తాయి లోపల తియ్యగా పండినా పైకి పచ్చగానే ఉండిపోవడానికి కారణం దాని బద్ధకం కాదు, మన ఊళ్లలో అంత చలి లేకపోవడం. అంటే మనం తిట్టుకునే ఈ చలే నారింజకి పసుపు రాసి పెళ్లికూతుర్ని చేస్తోంది. ఆ నేవెల్ వంశం కథ ఇంకా బావుంటుంది. బ్రెజిల్‌లో పుట్టిన గింజల్లేని నారింజ అది. గింజ లేదు కాబట్టి అంటు కట్టే పెంచాలి. 1873లో ఎలైజా టిబెట్స్ అనే ఆవిడ వాషింగ్టన్ నుంచి తెప్పించిన మొక్కల్ని రివర్‌సైడ్‌లో తన పెరట్లో నాటింది. అంట్లు తోమిన నీళ్లు పోసి బతికించిందని చెప్పుకుంటారు. కరివేపాకు మొక్కని కుండీలో పెట్టి, చలికాలమంతా పసిపిల్లలా ఇంట్లో సాకే మన ఆడవాళ్లకి ఆవిడ పడిన అవస్థ చెప్పక్కర్లేదు. ఆ చెట్లలో ఒకటి రివర్‌సైడ్‌లో ఇప్పటికీ బతికే ఉంది.

ఇవి పరాయి పండ్లు, మన నాలుకకి పడవు అనేది తర్వాతి అభ్యంతరం. ముందు చుట్టరికం తెలుసుకుంటే తర్వాత కోపతాపాలు చూసుకోవచ్చు. డిసెంబరులో దుకాణాల్లో నారింజరంగు టమాటాల్లా కుప్పపోసి ఉండే పెర్సిమన్ మన తునికిపండుకి వేలువిడిచిన మేనత్త కొడుకు. బీడీల ఆకు ఇచ్చే ఆ తునికి చెట్టూ, ఈ పెర్సిమనూ ఒకే ప్రజాతివి. ఆ వగరు కూడా వంశపారంపర్యమే. కోసుగా ఉండే హచియా రకాన్ని పండకముందు కొరికినవాడు మళ్లీ జన్మలో దాని జోలికి వెళ్లడు. అణిగినట్టుండే ఫుయు రకమైతే గట్టిగా ఉండగానే యాపిల్‌లా కోసుకు తినొచ్చు. ఇక గ్రేప్‌ఫ్రూట్. పేరులో ద్రాక్ష ఉన్నా దానికీ ద్రాక్షకీ ఏ సంబంధమూ లేదు. మన పంపరపనసకీ తీపి నారింజకీ 18వ శతాబ్దంలో బార్బడోస్‌లో పుట్టిన సంతానం. అందులో ఎర్రదాన్ని టెక్సాస్ 1993లో తన రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది. ఆ రాష్ట్రంలోనే ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో కాపురాలుంటున్న మనం దాన్ని దాటుకుంటూ వెళ్లి చిలీ ద్రాక్ష బుట్టలో వేసుకుంటాం. చేదుగా ఉంటుందంటారా? అమెరికన్లు దాని మీద పంచదార చల్లి సరిపెట్టుకుంటారు. ఉప్పు చేదుని అణుస్తుంది. జామకాయకి ఉప్పూకారం అద్దుకు తినే జాతికి ఈ సంగతి ఒకరు చెప్పాలా!

ఒక్క అభ్యంతరానికి మాత్రం తల వంచక తప్పదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే గ్రేప్‌ఫ్రూట్ ముక్కలు వేరే గిన్నెలో పెట్టాలి. కొలెస్ట్రాల్‌కీ బీపీకీ వాడే మాత్రల్లో కొన్నిటిని పేగుల్లో విరగ్గొట్టే ఎంజైముని ఈ పండు అడ్డుకుంటుంది. అప్పుడు వేసుకున్నది ఒక్క మాత్రయినా ఒంట్లో నాలుగైదు వేసుకున్నంత పని చెయ్యొచ్చు. పొద్దున పండు, రాత్రి మాత్ర అని సర్దుకుందామన్నా కుదరదు, దాని ప్రభావం రోజు దాటినా పోదు. డాక్టరుని అడిగేదాకా నారింజతో సరిపెట్టండి. కానీ ఆ అమ్మానాన్నలే లేవదీసే రెండో అభ్యంతరాన్ని, అదే "చలికాలంలో నారింజ తింటే జలుబు చేస్తుంది" అన్నదాన్ని, నేను ఒప్పుకోను. జలుబు చేసేది వైరస్. అది పాట్‌లక్‌లో గరిట పట్టుకున్న చేతుల నుంచీ, ముక్కు కారుతున్న పిల్లల నుంచీ వస్తుంది. పైగా ఈ మాట అనే పెద్దలే భోగినాడు పిల్లల నెత్తిన రేగిపండ్లు పోసి దీవిస్తారు. చలికాలపు పండు నెత్తిన పడితే ఆశీర్వాదం, గొంతులో పడితే జలుబూనా?

ఇప్పుడు దుప్పటి సంగతి. కస్టర్డ్ పొడిని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ కనిపెట్టాడు, భార్యకి గుడ్డు పడదని. గుడ్డు లేని కస్టర్డ్ కాబట్టి మన శాకాహారుల ఇళ్లలోకి నేరుగా నడిచొచ్చింది. అందులో ఉన్నది చాలావరకు మొక్కజొన్న పిండి, రంగు, వెనిల్లా వాసన. అరటికీ, ఎండాకాలపు మామిడికీ అది సరిపోతుందేమో. చలికాలపు పండ్లతో మాత్రం దానికి పొసగదు: నారింజ పులుపుకి పాలు విరుగుతాయి, పచ్చి కివిలోని ఎంజైము పాలని చేదెక్కిస్తుంది. ఇందులో మనవాళ్లని మాత్రమే ఆడిపోసుకోవడం అన్యాయం. 1867లో నార్త్ కరోలినాకి చెందిన మరియా బారింజర్ వంటల పుస్తకంలో అచ్చయిన ఆంబ్రోసియా అనే ఫ్రూట్ సలాడ్‌లో ఉన్నవి నారింజ, కొబ్బరికోరు, పంచదార, అంతే. దాదాపు మన గుళ్లో ప్రసాదం. దక్షిణాది రాష్ట్రాల్లో క్రిస్మస్‌కి చేసుకునేవాళ్లు. తర్వాతి తరాలు అందులో డబ్బా పైనాపిల్, క్రీము, మార్ష్‌మాలోలు కుమ్మరించాయి. పండు మీద నమ్మకం పోయిన ప్రతి జాతీ పాలగిన్నె పట్టుకుంటుంది.

స్ట్రాబెర్రీ గురించి కొంచెం వెనక్కి తగ్గుతాను. ఫ్లోరిడాలో ప్లాంట్ సిటీ చుట్టుపక్కల అది చలికాలపు పంటే. టాంపా తెలుగువాళ్లు తోటలోకి వెళ్లి కోసుకుని వేసుకుంటే అడ్డు చెప్పను. మిగతావాళ్ల సలాడ్ ఇలా ఉండొచ్చు: నేవెల్ తొనలు, ఫుయు ముక్కలు, దానిమ్మ గింజలు, బేరిపండు, పైన చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, కాస్త నిమ్మరసం. దానిమ్మ ఒలవడం పెద్ద పని అంటారు. నీళ్ల గిన్నెలో ముంచి ఒలవండి, గింజలు మునుగుతాయి, తెల్లపొర తేలుతుంది, చొక్కా బతుకుతుంది. బేరిపండుని తొడిమ దగ్గర నొక్కితే కాస్త లొంగాలి. అది నల్లబడుతుంది కాబట్టి అందరూ ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డాకే కొయ్యండి. అరటిపండు మాత్రం వద్దు, దాన్ని సత్యనారాయణ వ్రతానికి ఉంచండి.