పేపరు పడాలంటే: కామారెడ్డి డాక్టర్లకు కొన్ని ఉచిత సలహాలు

కామారెడ్డిలో సర్కారు మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. కాలేజీ అన్నాక ప్రొఫెసర్లుంటారు, ప్రొఫెసర్లన్నాక ప్రమోషన్లుంటాయి, ప్రమోషన్లకు పేపర్లు కావాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ కావాలంటే కనీసం రెండు పరిశోధన పత్రాలు అచ్చయి ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో రూలు పెట్టింది. అవీ గుర్తింపు ఉన్న ఇండెక్సుల్లోని జర్నల్స్‌లోనే రావాలి. రచయితల వరుసలో మొదటి ముగ్గురిలో మీరుండాలి, లేదా కరస్పాండింగ్ ఆథర్ మీరే అయ్యుండాలి. నాలుగేళ్ల సర్వీసు దానంతటదే నిండుతుంది. పేపరు అట్లా నిండదు కాబట్టి ఈ సలహాలు.

విషయం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మెడికల్ వార్డులో కూర్చుంటే అదే వస్తుంది, నలుగురు పట్టుకొస్తారు. ఎల్లారెడ్డి దిక్కు నుంచి, లింగంపేట మీదుగా, ఆటోలో. మనిషి వణుకుతుంటాడు, చొక్కా చెమటకు తడిసి ఉంటుంది, చేతులు గాల్లో దేన్నో పట్టుకోబోతుంటాయి. భార్య చెబుతుంది: "మూడు దినాలసంది డిపో బందున్నది సారూ. కంటిమీద కునుకు లేదు. గోడ మీదికెల్లి ఎవలో వస్తున్నరని ఒకటే ఒర్రుడు." మీరు మెదడువాపా, మలేరియానా అని ఆలోచిస్తూ సీటీ స్కాన్ రాస్తుంటారు. ఈలోగా మూర్ఛ వస్తుంది. పక్కన సెలైన్ ఎక్కిస్తున్న సిస్టరమ్మ తల కూడా ఎత్తకుండా అడుగుతుంది: "అమ్మా, కల్లు బందైందా?" రోగ నిర్ధారణ అయిపోయింది.

కల్తీ కల్లు ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు కొత్త కాదు. అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్, ఏది దొరికితే అది కలుపుతారు. అది రోజూ పడే ఒంటికి ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, భ్రమలు మొదలవుతాయి, మూర్ఛలు వస్తాయి. ఎక్సైజ్ వాళ్లు దాడులు చేశాక ఆస్పత్రులకు జనం వరుస కడతారు. ప్రపంచంలో ఏ పెద్ద యూనివర్సిటీకీ దొరకని విషయం మీ వార్డులో మంచాలు చాలక కింద పడుకొని ఉంది.

కాబట్టి దీని మీద పేపరు రాయకండి.

రాయాలంటే మూత్రంలో మందు ఆనవాళ్లు పరీక్ష చేయించాలి, సీసాలో ఏముందో ల్యాబ్‌కు పంపాలి, ఎథిక్స్ కమిటీ ముందుకు పోవాలి. ఆ కమిటీకి బయటి సంస్థ నుంచి అధ్యక్షుడు కావాలి, వైద్యం తెలియని సామాన్యుడొకరు కావాలి, వీళ్లందరికీ ఒకే రోజు ఖాళీ దొరకాలి. ఇంత బాధెందుకు? ఎంబీబీఎస్ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫామ్ పడేయండి: "వైద్య విద్యార్థులలో మొబైల్ వాడకం, నిద్ర నాణ్యత." సాయంత్రానికి జవాబులొస్తాయి. మొబైల్ ఎక్కువ చూస్తే నిద్ర తగ్గుతుందని తేలుతుంది. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

వినకుండా కల్లు మీదే రాస్తానంటే మీ ఇష్టం. ఒక్క రోగి గురించి రాస్తే అది కేస్ రిపోర్టు, ప్రమోషన్ లెక్కలోకి రాదు. కేస్ సిరీస్ అయితే వస్తుంది. నూటపాతిక కిలోమీటర్ల లోపే ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన పేపరుకు ఆయన పెట్టుకున్న పేరులోనే ఉంది, చూసినవి రెండు దోమలని. 1902లో నోబెల్ ఇచ్చారు. ఆయన ఇవాళ పంపితే "శాంపిల్ సైజు ఎలా లెక్కించారు?" అని అడిగి వెనక్కి పంపుతారు. మీరు రాస్ కాదు, ముప్పై మందిని పోగేయండి.

ఉపోద్ఘాతం జెనీవాలో మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలు ఒక పేరా, దక్షిణాసియా ఒక పేరా, భారతదేశం ఒక పేరా. లింగంపేట బస్టాండులో దిగేసరికి పదాల పరిమితి అయిపోవాలి.

పద్ధతులు అనే భాగంలో మీరు చేసింది రాయకండి, చేసి ఉండాల్సింది రాయండి. ఉదాహరణకు వయసు. "ఎన్నేండ్లు?" అంటే "నలభై ఉంటయి" అంటారు. రిజిస్టరు తిరగేస్తే అందరికీ నలభై, నలభై ఐదు, యాభై. మధ్యలో పుట్టినవాడే లేడు. ఫలితాల పట్టికలో మాత్రం సగటు వయసు 45.37 అని వేయాలి. ఆ చుక్క తర్వాతి రెండంకెల్లోనే సైన్సుంది. ఎంత తాగుతాడంటే "పొద్దుగాల రెండు సీసలు, మాపటికి మూడు, పండుగనాడు లెక్కుండదు" అంటుంది ఇల్లాలు. దాన్ని మిల్లీలీటర్లలోకి మార్చండి. పండుగను వదిలేయండి, దానికి కాలమ్ లేదు.

పీ విలువ 0.05 కంటే తగ్గాలి. 1925లో గణాంకవేత్త ఫిషర్ తన పుస్తకంలో అనుకూలంగా ఉంటుందని వాడిన అంకె అది, ఇప్పుడు శిలాశాసనం. మీది 0.06 వస్తే కంగారు పడకండి, "ప్రాధాన్యం దిశగా సాగుతోంది" అని రాయండి. 0.04 వచ్చినప్పుడు "ప్రాధాన్యం నుంచి జారిపోతోంది" అని ఎవరూ రాయరు, మీరూ రాయొద్దు.

ఇక రచయితలు. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పనిలో గట్టి పాత్ర ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, తుదిప్రతికి ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబు చెప్పాలి. నాలుగూ ఉంటేనే రచయిత. ఈ లెక్కన పేపరు మీద ఒకరిద్దరి కంటే మిగలరు. అందుకే ఈ షరతులను ఫారంలో టిక్కు పెట్టడానికి మాత్రమే వాడాలి. మొదటి పేరు హెచ్ఓడీది, ఆయనకు పేపరు దేని గురించో తెలియక్కర్లేదు. రెండోది మీది. మూడోది, కిందటిసారి తన పేపరులో మీ పేరు పెట్టిన మిత్రుడిది. రోగమేమిటో ముందుగా చెప్పిన సిస్టరమ్మకు చివర్న "సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు". అందులోనూ పేరు రాయక్కర్లేదు.

జర్నల్‌ను మీరు వెతకనక్కర్లేదు, అదే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. "గౌరవనీయ మహా పరిశోధకా, శుభదినం" అని మెయిలొస్తుంది. ఈ విద్యలో మన హైదరాబాద్‌కు అంతర్జాతీయ ఖ్యాతి ఉంది. ఇక్కడి ఓమిక్స్ సంస్థ సరైన సమీక్ష లేకుండానే పేపర్లు వేస్తోందనీ, ఫీజుల సంగతి దాస్తోందనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2013లో బొహానన్ అనే జర్నలిస్టు కావాలని తప్పులతో కల్పించిన పేపరును 304 జర్నల్స్‌కు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. మీరు నిజం రాశారు కదా, అంత సులువుగా పడకపోవచ్చు.

సమర్పించే రోజు సెలవు పెట్టండి. పేజీకి వరుస సంఖ్యలు, టైటిల్ పేజీ వేరే ఫైలు, బొమ్మలు మూడొందల డీపీఐ, ఎవరు రాశారో తెలియకుండా ఊరూ పేరూ తీసేసిన ప్రతి. తీసేశాక ఫైలు పేరు చూసుకోండి, అక్కడ "కామారెడ్డి కల్లు ఫైనల్ ఫైనల్ 3" అని ఉంటుంది.

మూణ్ణాలుగు నెలలకు సమీక్షలొస్తాయి. మొదటి సమీక్షకుడు బాగుందంటాడు. రెండోవాడు కల్లు సహజమైన పానీయం కదా, మూర్ఛలెందుకొస్తాయని అడుగుతాడు. పనిలో పనిగా తను రాసిన నాలుగు పేపర్లు ఉదహరించమంటాడు. ప్రతి జవాబూ "మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు"తో మొదలుకావాలి, తిట్టాలనిపించిన చోట రెండుసార్లు. ఆ నాలుగూ ఉదహరించండి, చదవమని ఆయన కూడా అడగలేదు.

చివరకు ప్రూఫు వస్తుంది, నలభై ఎనిమిది గంటల్లో దిద్ది పంపమంటారు. మార్జిన్‌లో ఎక్కడో కూర్చున్న కాపీ ఎడిటర్ సందేహం ఉంటుంది: "వ్యాసమంతటా కామారెడ్డి, ఎల్లారెడ్డి అనే ఇద్దరి ప్రస్తావన ఉంది. వీరి పేర్లు రచయితల జాబితాలో లేవు. నిర్ధారించగలరు." అవి ఊళ్లని మర్యాదగా రాయండి. అయినా పట్టుబడితే కలిపేయండి, ఇంతమందిలో ఇంకో ఇద్దరు ఎక్కువ కారు. మొదటి మూడు స్థానాల్లో మాత్రం పెట్టనివ్వకండి.