వర్ధమానుడిగా నూరేళ్లు వర్ధిల్లు!

న్యూయార్కులో సంగీత నాటకాలకు పాటలు కట్టేవాళ్లకు ఒక శాశ్వత హోదా ఉంది: వర్ధమాన గీతకర్త. ఇరవై నాలుగేళ్లకు వస్తుంది, నలభై ఆరు దాటినా వదలదు. జుట్టు పలచబడుతుంది, పెళ్లవుతుంది, పెద్దమ్మాయి పియానో పాఠాలకు వెళ్లడం మొదలుపెడుతుంది. నాన్నగారు మాత్రం ఈ ఏడు కూడా ఏదో సంస్థవారి వర్ధమాన బహుమతి పట్టుకుని ఫోటోలో నవ్వుతుంటారు. మన రాజకీయాల్లోనూ యువనాయకుడు అరవై నిండినా యువనాయకుడే, కాదనను. కానీ అతగాడికి ఎప్పుడో ఒకప్పుడు పార్టీ టికెట్టు దొరుకుతుంది. ఇతనికి దొరికేది ఇంకొకరి నాటకానికొచ్చిన జనం టికెట్లు చూసి సీట్లలో కూర్చోబెట్టే ఉద్యోగం.

వెటకారం కోసం అల్లిన మాట కాదిది. మైకేల్ ఆర్. జాక్సన్ అనే నాటకకర్త ఉన్నాడు. పాప్ పాటల మైకేల్ కాదు, ఆ పేరు మోయాల్సివచ్చిన ఇంకొకాయన. బ్రాడ్‌వేలో డిస్నీవారి నాటకాలు ఆడే హాల్లో సీట్లు చూపించే పని చేశాడు. ఇంటికొచ్చి ‘ఎ స్ట్రేంజ్ లూప్’ అనే నాటకం రాసుకున్నాడు. అందులో కథానాయకుడి పని ‘ది లయన్ కింగ్’ హాల్లో సీట్లు చూపించడం. ఏళ్ల తరబడి చెక్కగా చెక్కగా 2020లో ఆ నాటకానికి పులిట్జర్ వచ్చింది. బ్రాడ్‌వే తలుపు మాత్రం 2022లో తెరుచుకుంది. పులిట్జర్ కమిటీకి నచ్చితే సరిపోదు మరి, హాలు ఖాళీ ఉండాలి కదా. ‘లయన్ కింగ్’ 1997 నుంచి బ్రాడ్‌వే వదలకుండా కూర్చుంది.

బహుమతులకు కొదవ లేదు. స్వరకర్త రిచర్డ్ రాడ్జర్స్ పేరు మీద 1978 నుంచి ఒకటి ఉంది. ఎడ్వర్డ్ క్లీబన్ పేరు మీద ఒకటి. ‘క్యాబరే’, ‘షికాగో’ల పాటలు రాసిన ఫ్రెడ్ ఎబ్ 2004లో కన్నుమూశాక ఆయన పేరు మీద ఇంకొకటి. జోనథన్ లార్సన్ పేరు మీద గ్రాంట్లు. అన్నీ గతించినవారి పేర్లే. ఆ ఊళ్లో బతికున్న గీతకర్తను గుర్తించాలంటే గతించిన గీతకర్త సిఫారసు చేయాలి.

అర్హతల సంగతి మరీ ముచ్చటైనది. ఎబ్ బహుమతి కోరేవారు అప్పటికి చెప్పుకోదగ్గ వాణిజ్య విజయం సాధించి ఉండకూడదు. సబబైన నిబంధనే, కడుపు నిండినవాడికి మళ్లీ విస్తరెందుకు? అయితే ఇలాంటి నిబంధనల వల్ల వర్ధమానుడి చేతికి తెల్ల రేషన్ కార్డు లాంటిది ఒకటి వస్తుంది. విజయరేఖకు దిగువనే ఉన్నానని ఏటేటా రుజువు చూపించుకోవాలి. పొరపాటున నాటకం ఆడిందా, కార్డు రద్దు. ఆడకపోతే వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలివైనవాడు రెండు పద్దులూ బేరీజు వేసుకుని ఆడకపోవడమే మేలనుకున్నా తప్పుపట్టలేం.

క్లీబన్ గారి కథ విడిగా చెప్పాలి. 1975లో బ్రాడ్‌వేకెక్కిన ‘ఎ కోరస్ లైన్’కు సాహిత్యం ఆయనది. అది 6,137 ప్రదర్శనలు ఆడింది. ఆయన అసలు కోరిక వేరు. మాటతోబాటు బాణీ కూడా తనదే కావాలి. ఆ కోరికతో రాసిన పాటలు పెట్టెలోనే ఉండిపోయాయి. 1987లో, నలభై ఎనిమిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆ పెట్టెలోని పాటలతో ‘ఎ క్లాస్ యాక్ట్’ అనే నాటకం తయారై బ్రాడ్‌వే చేరింది 2001లో. ఆయన తదనంతరం ఆయన ఆస్తితో ఏర్పడిన బహుమతి ఏటా ఒక గీత రచయితకూ, ఒక కథా సంభాషణల రచయితకూ చెరో లక్ష డాలర్లు ఇస్తుంది. స్వరకర్తకు అందులో వాటా లేదు. జీవితమంతా స్వరకర్తనని అనిపించుకోవాలని తపించిన మనిషి పేరు మీద!

ఇక లార్సన్. సోహోలోని మూన్‌డాన్స్ డైనర్‌లో దాదాపు పదేళ్లు బల్లల దగ్గర ఆర్డర్లు తీసుకుని ప్లేట్లు అందించాడు. ‘సూపర్‌బియా’ అనే నాటకం మీద ఏళ్లు ధారపోశాడు. దానికి రాడ్జర్స్ గ్రాంటు వచ్చింది, రీడింగ్ జరిగింది, పెద్దలు భుజం తట్టారు. సాక్షాత్తూ బ్రాడ్‌వే దిగ్గజం స్టీఫెన్ సాండ్‌హైమ్ సిఫారసు ఉత్తరాలు రాశాడు. ఇన్ని జరిగాయి గానీ దాన్ని పూర్తి స్థాయిలో వేదిక మీదికి తెచ్చే నిర్మాత మాత్రం దొరకలేదు. తర్వాత ‘రెంట్’ రాశాడు. న్యాయంగా చెప్పాలంటే దాని తొలి వర్క్‌షాప్ ప్రదర్శనకు దారి చేసింది రాడ్జర్స్ బహుమతి డబ్బే. బహుమతి అనేది పనికొచ్చేది ఇలా స్టేజీకి ఖర్చయినప్పుడే. ‘రెంట్’ మొదటి ప్రివ్యూ పడాల్సిన రోజు, 1996 జనవరి 25 తెల్లవారుజామున, లార్సన్ ఇంట్లోనే కుప్పకూలి మరణించాడు. ముప్పై అయిదేళ్లు. గుండె నుంచి వచ్చే మహాధమని చీలిపోయింది. నొప్పి అంటూ ఆ వారంలో రెండు ఆసుపత్రులకు వెళితే రెండూ తిప్పి పంపించాయి. ఆ ఏడాదే పులిట్జర్, టోనీ. బ్రాడ్‌వేలో పన్నెండేళ్లు, 5,123 ఆటలు. కుటుంబమూ స్నేహితులూ కలిసి, ఇంకొకరు ప్లేట్లు మోయకూడదని, ఆయన పేరు మీద గ్రాంట్లు పెట్టారు. వాళ్లకు రెండు చేతులెత్తి నమస్కరించాలి. ఆ గ్రాంటు అందుకున్న కుర్రాణ్ని చూసి చప్పట్లు కొట్టి, పాత సినిమా హక్కులు కొనడానికి బయల్దేరే నిర్మాతకు ఏం పెట్టాలో నాకు తోచడం లేదు.

రీడింగ్ అన్నాను కదా, అదేమిటో చెప్పకపోతే ఈ వ్యవస్థ అందం తెలియదు. నటుల యూనియన్ నిబంధనల ప్రకారం జరిగే ఇలాంటి వాటిలో రిహార్సలూ ప్రదర్శనా అన్నీ కలిపి 29 గంటల్లో ముగించాలి. ఇంతకన్నా ఎక్కువ కావాలంటే జీతభత్యాల లెక్క మారిపోతుంది, అందుకని వర్ధమానుడి ప్రపంచమంతా ఆ 29 గంటల్లోనే సర్దుకుంటుంది. సెట్టు లేదు, వేషం లేదు. నటులు మ్యూజిక్ స్టాండ్ల ముందు వరుసగా నిలబడి కాగితాలు చూస్తూ పాడతారు. పక్కన కుర్చీలో ఒకాయన “తుపాను వస్తుంది, పడవ మునుగుతుంది, ఆమె ఈదుతూ ఒడ్డుకు చేరుతుంది” అని ప్రశాంతంగా చదువుతాడు. ఆహ్వానితులు నిర్మాతలూ, వాళ్లకు తెలిసినవాళ్లూ. ఇది అచ్చంగా పెళ్లిచూపులు. పిల్లను కూర్చోబెట్టి పాట పాడమంటారు, పాడుతుంది, గొంతు బాగుందంటారు, స్వీటూ హాటూ తింటారు, ఇంటికెళ్లి కబురు చేస్తామంటారు. తేడా ఒక్కటే: ఇక్కడ పెళ్లివారు లేచేటప్పుడు పిల్లను పక్కకు పిలిచి, “చాలా బాగా పాడావు. తర్వాత ఏం పాడుతున్నావు?” అని అడుగుతారు. ఆరు నెలలకు అదే నాటకానికి ఇంకో రీడింగ్. ఈసారి తుపాను తీసేశారు. ఇద్దరు నటులు, ఒక పియానో, తొంభై నిమిషాలు. పడవ పేరు ప్రస్తావిస్తే చాలట.

ఆ తుపాను తీసేయమన్నది ఎవరంటారు? మార్గదర్శి. బహుమతితోపాటు మార్గదర్శకుడు కూడా వస్తాడు, ప్రెషర్ కుక్కర్‌తో స్టీలు గిన్నె ఉచితంగా వచ్చినట్టు కాదు, అదే అసలు బహుమతి అన్నంత ఘనంగా. మొదటి మార్గదర్శి మొదటి పాట తీసేయమంటాడు. రెండో మార్గదర్శి మొదటి పాట ఒక్కటే బాగుందంటాడు. మూడో ఆమె మీ కథానాయిక జీవితంలో ఏం కోరుకుంటున్నదో చెప్పే పాట మూడో నిమిషంలో పడకపోతే జనం ఫోన్లు తీస్తారంటుంది. పాపం ఆ కథానాయిక ఏం కోరుకుంటున్నదో మనకు తెలుసు. స్టేజీ ఎక్కాలని కోరుకుంటోంది.

వర్ధమానులకు నేర్పే బడులన్నీ ఒకటేనని నేననను. లేమన్ ఎంగెల్ 1961లో మొదలుపెట్టిన బీఎంఐ వర్క్‌షాప్‌లో ఫీజు లేదు, పని ఉంది. ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’లోని బ్లాంచ్‌కి పాట రాసుకురా అంటారు, రాసింది తోటివాళ్ల ముందు పాడించి ఉతికి ఆరేస్తారు. ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ కట్టిన హోవర్డ్ ఆష్మన్, ఆలన్ మెంకెన్ ఆ బడి నుంచి వచ్చినవాళ్లే. ‘నెక్స్ట్ టు నార్మల్’ కూడా 1998లో అక్కడ పది నిమిషాల ముక్కగా పుట్టింది. అది బ్రాడ్‌వే చేరింది 2009లో. అనాయిస్ మిచెల్ ‘హేడ్స్‌టౌన్’ 2006లో వెర్మాంట్‌లో మొదలై 2019లో బ్రాడ్‌వే ఎక్కింది. ఇవి విజయగాథలు సుమా! మార్గదర్శకత్వ పథకాల కరపత్రాల్లో ముద్రించుకునేవి. చివరికి చేరినవాళ్లకే పదకొండేళ్లూ పదమూడేళ్లూ పడితే, చేరనివాళ్ల లెక్క ఎవరు వేస్తారు? వాళ్లకు ఇంకా గడువు తీరలేదంటారు.

ఈ మార్గదర్శులందరూ మూలపురుషుడిగా తలచుకునేది పాత తరం గీతకర్త ఆస్కార్ హామర్‌స్టైన్‌ను. పదిహేనేళ్ల సాండ్‌హైమ్ బడి కోసం ఒక నాటకం రాసి, పొరుగున ఉన్న ఈ మహానుభావుడి చేతిలో పెట్టి, ఇక రేపే బ్రాడ్‌వే అనుకున్నాడట. ఆయన చదివి, ఇంత చెత్త నేనెప్పుడూ చూడలేదని మొహం మీదే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అది ఎందుకు చెత్తో వరసగా విప్పి చూపించాడు. ఆపైన నాలుగు నాటకాలు రాయమన్నాడు: నీకు నచ్చిన నాటకం ఆధారంగా ఒకటి, లోపం ఉందనుకున్న నాటకం ఆధారంగా ఒకటి, నాటకం కాని కథ నుంచి ఒకటి, పూర్తిగా సొంతంగా ఒకటి. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఉత్త సాహిత్యం మాత్రమే రాయమంటే, బాణీ కూడా నాదైతేనే అని మొండికేసిన కుర్రాణ్ని వెళ్లి చేరమని పంపినవాడూ ఆయనే. 1957లో దాని తెర లేచేనాటికి సాండ్‌హైమ్‌కు ఇరవై ఏడు. పత్రికా ప్రకటన లేదు, బ్యాచ్ ఫోటో లేదు, ఫెలో అనే బిరుదు లేదు.

హామర్‌స్టైన్ పొరుగున ఉండే అదృష్టం ఎంతమందికి ఉంటుందని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ పొరుగింటి గుమ్మం అందరికీ తెరవడానికే ఈ పథకాలన్నీ అంటారు. తెరిచారు కూడా. కాకపోతే పాత ఇంట్లో ముందు గుమ్మంలోంచి వెళితే పెరటి గుమ్మం రంగస్థలం మీదికి తెరుచుకునేది. ఇప్పటి ఇంట్లో అక్కడ గోడ కట్టి, దాని మీద దాతల పేర్లు చెక్కారు.

లండన్‌లో ఇంకో చమత్కారం. ఏటా ఒక్క ఉత్తమ కొత్త పాటకు బహుమతి ఇస్తారు. ఇచ్చేది జార్జ్ స్టైల్స్, ఆంటొనీ డ్రూ అనే జంట. వాళ్లూ 1985లో ‘జస్ట్ సో’కు వివియన్ ఎలిస్ బహుమతి అందుకుని పైకొచ్చినవాళ్లే. వాళ్ల ‘హాంక్!’ 2000లో ఆలివియర్ పురస్కారానికి ‘లయన్ కింగ్’నూ ‘మమ్మా మియా!’నూ ఓడించింది. మనసున్న మనుషులు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. పద్ధతి మీదే. నాటకంలో పాట విలువ దాని ముందు పడిన మాటలోనూ, దాని తర్వాత మారిపోయిన మనిషిలోనూ ఉంటుంది. దాన్ని ఊడబెరికి వేదిక మీద విడిగా నిలబెడితే గెలిచేది ఏ కథతోనూ పనిలేని పాట. నాలుగు నిమిషాల్లో మొదలూ మలుపూ ముగింపూ అన్నీ తానే చెప్పేసి, చివర్లో ఒక పెద్ద కేక పెట్టి, చప్పట్ల కోసం చేతులు చాచేది. ఫలితంగా పానశాలల్లో పాడుకోవడానికి భేషైన పాటలు వందలు తయారయ్యాయి. వాటి వెనక నాటకాలు లేవు.

ఈ విషయంలో మన పద్యనాటకం ఎంతో కర్కశం, అందుకే ఎంతో నిజాయితీ. తిరుపతి వేంకట కవుల పద్యానికి కమిటీ మార్కులు వేయలేదు. అర్ధరాత్రి దాటాక, హార్మోనియం శ్రుతి అందుకున్నాక, కృష్ణ పాత్రధారి పద్యం ఎత్తుకుంటే జనం వన్స్ మోర్ అనాలి. అంటేనే పద్యం బతికింది. రాగం సాగదీసిన నటుడికే కీర్తంతా దక్కి కవికి మిగిలేది తక్కువన్నది వేరే గొడవ. కనీసం ఆ పద్యం తుది తీర్పు చాపల మీద కూర్చున్నవాళ్లది. టికెట్టు కొన్న ప్రేక్షకుణ్ని ఒక్కసారైనా ఎదుర్కోకుండా పాతికేళ్లు పురస్కారాలు పొందే వెసులుబాటు మనవాళ్లకు లేదు.

నిర్మాతలు చెప్పుకునే కారణం డబ్బు. బ్రాడ్‌వేలో సంగీత నాటకం లేపాలంటే కోటిన్నర, రెండు కోట్ల డాలర్లు దాటడం మామూలైంది. ఉన్నవి 41 హాళ్లు, అందులో సింహభాగం మూడు సంస్థల చేతిలో. అంత డబ్బు పెట్టేవాడు అప్పటికే జనం నోళ్లలో నానిన పాటలూ, అప్పటికే చూసేసిన సినిమా కథలూ కోరుకుంటాడు. ‘మమ్మా మియా!’ బ్రాడ్‌వేలో 2001 నుంచి 2015 దాకా ఆబా బృందం పాత పాటలతోనే నడిచింది. కొత్త పాటకు కోటిన్నర పెట్టడం జూదం. కొత్త పాటకు బహుమతి ఇవ్వడం సంస్కృతి. రెండోది చవక, పైగా పన్ను మినహాయింపు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. వర్ధమానులకు పథకాలు చాలు, నిర్మాతలకు ఒకటి పెడదాం. గడచిన పదేళ్లలో ఒక్క సొంత కథ, సొంత బాణీల నాటకం కూడా వేయనివారు అర్హులు. ఎంపికైనవారు మ్యూజిక్ స్టాండు ముందు నిలబడి తమ బ్యాంకు పుస్తకం బిగ్గరగా చదవాలి. పక్కన కుర్చీలో ఒకరు “చెక్కు మీద సంతకం పెడతాడు” అని మాత్రమే చదువుతారు, ఎవరూ నిజంగా పెట్టనక్కరలేదు, అది తర్వాతి దశ. 29 గంటలు మించకూడదు. న్యాయనిర్ణేతలుగా ముగ్గురు గీతకర్తలు ఉంటారు. ఒకరు మీ భయాన్ని మొదటి అంకంలోంచి తీసేయమంటారు. ఇంకొకరు ఆ భయమే మీలో అసలైన గొంతు, దాన్ని ఇంకా పెంచమంటారు. మూడోవారు మీ ధైర్యం చాలా ఆశాజనకంగా ఉంది, ఇంకొంచెం ఎదగాలి, తర్వాత ఏం చేస్తున్నారని అడుగుతారు. స్వీటూ హాటూ ఉంటాయి. ఎంపిక కానివారు వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.