ముందు చేతులు కడుక్కో

మా బాబాయి సివిల్ సప్లైస్‌లో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. గోదాములో బస్తాలు ఉన్నాయంటే చాలు, ఆయనకు కడుపు నిండిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో పేపరుకి శానిటైజర్ కొట్టి, ఆరబెట్టి, మా ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు. "ఒరే, ఏప్రిల్ ఒకటికి ఉండాల్సిన తిండిగింజల నిల్వ 210 లక్షల టన్నులు. మన దగ్గరున్నది అంతకు రెండున్నర రెట్ల పైనే. ఇక కరోనా మనల్నేం చేస్తుందిరా!"

ఆ ధీమాతోనే నేను విజయవాడలో మా రేషన్ డిపో ముందు సున్నపు గీతలో చెప్పులు వదిలొచ్చాను. ఆ రోజుల్లో క్యూలో మనుషుల కన్నా చెప్పులే బుద్ధిగా నిలబడేవి. నా వెనక పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు ఒడిశా కుర్రాడివి, తాపీ పనికొచ్చాడు.

"కార్డేదీ?" అన్నాడు డీలరు.

"ఊళ్లో ఉంది సార్."

డీలరు చెడ్డవాడు కాదు. వాడి అరచేతిలో రెండు చుక్కలు శానిటైజర్ వేసి మరీ పంపాడు.

ఏప్రిల్ 20న ఢిల్లీలో ఓ కమిటీ కూర్చుని, ఎఫ్‌సీఐ దగ్గర మిగులు బియ్యాన్ని ఇథనాల్‌గా మార్చి శానిటైజర్లకీ పెట్రోలుకీ వాడుకోవచ్చని తీర్మానించింది. కాబట్టి కుర్రాడికి బియ్యం ఇవ్వలేదనడం అన్యాయం. కాస్త ముందుగా, ద్రవరూపంలో ఇచ్చారంతే. "చేతులు కడుక్కుని రా, అన్నం పెడతా" అని అమ్మలు రెండు పనులు పెట్టుకునేవారు. సర్కారు రెండూ ఒకే సీసాలో పోసింది.

80 కోట్ల మందికి నెలకు తలా 5 కిలోలు ఉచితంగా ఇవ్వడం చిన్న సంగతేం కాదు. ఆ అన్నం నేనూ తిన్నాను. కాకపోతే ఆ 80 కోట్లు 2011 జనాభా లెక్కల ప్రకారం తేలిన తలలు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఆకలేస్తే అది నిబంధనల్లో లేని ఆకలి.

మే 12 రాత్రి టీవీలో ప్రధాని స్వావలంబన గురించి చెబుతున్నారు. బాబాయి పునుగులు తింటున్నాడు.

"నూనె మనది కాదు బాబాయ్. పామాయిల్ ఇండోనేసియా నుంచీ, సన్‌ఫ్లవర్ ఉక్రెయిన్ నుంచీ వస్తుంది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి సరుకే."

"పిండి మనదేగా?"

"బియ్యం మనదే. మినుములు కొన్ని బర్మావి."

"ఉప్పో?"

"మనదే."

"చాల్లే, ఇంకో నాలుగు వెయ్యమను."

రెండ్రోజులకి, కార్డు లేని వలస కూలీలకూ మనిషికి 5 కిలోలు, కుటుంబానికి కిలో శనగలు ఇస్తామన్నారు. కబురు చెప్పి రమ్మని బాబాయే నన్ను డిపోకి తరిమాడు. "వాడా? పదిరోజులైంది, హైవే పట్టుకుని నడుచుకుంటూ పోయాడు" అన్నాడు డీలరు.

వచ్చి చెప్పాను. బాబాయి కళ్లజోడు తుడుచుకుని కాసేపు ఆలోచించాడు.

"అయితే ఆ 5 కిలోలూ గోదాములో భద్రంగా ఉన్నట్టేగా?"