స్టార్టర్ డబ్బాలో నేను

మోటారు ఆడితే రైతు బోరును మెచ్చుకుంటాడు, ఆడకపోతే కరెంటోళ్లను తిడతాడు. ఆ రెంటి మధ్య, వేపచెట్టుకు కొట్టిన ఇనుప డబ్బాలో ఉండే నన్ను తలుచుకునేవాళ్లు లేరు. నేను ఆటో స్టార్టర్‌లోని సర్క్యూట్ బోర్డును. ఉరవకొండ దగ్గర, హంద్రీ-నీవా కాలువ నీళ్లు ఎక్కని మెట్ట చేలో నా కాపురం. కరెంటు రాగానే మూడు ఫేజులూ ఉన్నాయో లేవో చూసుకుని, కాసేపాగి మోటారును లేపుతాను. ఒక ఫేజు పోతే ఆపేస్తాను, లేకుంటే వైండింగ్ కాలిపోతుంది. కరెంటు శాఖకు మా జాతంటే గిట్టదు. సరఫరా రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయని వాళ్ల గోడు. అందులోనూ న్యాయముంది లెండి.

పుట్టింది హైదరాబాద్ చర్లపల్లిలో, ఒక చిన్న షెడ్డులో. 1967లో ఈసీఐఎల్ పెట్టాక ఆ వైపు ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన చేతులు పెరిగాయి. నన్ను చూసినవాళ్ల కళ్లు రిలేల మీదా ఐసీల మీదా పడతాయి. నా ప్రాణం మాత్రం వాటి కింది పచ్చపొరలో ఉంది. దాన్ని సోల్డర్ మాస్క్ అంటారు. మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు, అటూఇటూగా. టంకం వేసేటప్పుడు సీసం, తగరం అక్కర్లేనిచోట అంటకుండా చూడటం, ఆ తర్వాత నా ఆయుష్షంతా రాగికి తేమ, మురికి తగలకుండా కాయడం దాని పని.

ఆ పొర నిలవాలంటే ముందు రాగిని బ్రష్షుతో రుద్ది, పలచటి ఆమ్లంతో కడిగి, వేలిముద్ర కూడా పడనీయకుండా ఇంకు పూయాలి. కొంచెం ఆరాక ఫిల్ము పరిచి అతినీలలోహిత కాంతి చూపిస్తారు. వెలుగు తగిలినచోట ఇంకు బిగుసుకుంటుంది. తగలనిచోట, నూటికి ఒక పాలు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లకు కరిగిపోయి ప్యాడ్లు బయటపడతాయి. చివరికి 150 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు మగ్గాలి. మా లాటు వంతు వచ్చేసరికి ఆర్డరు తొందర. రుద్దుడు పైపైన సాగింది, ఓవెన్‌లోంచి ముందే తీశారు. పైకి చూస్తే ఏ తేడా లేదు, నిగనిగలాడుతున్నాను.

గుట్టు రట్టయింది వేవ్ సోల్డరింగ్‌లో. 250 డిగ్రీల కరుగు లోహపు అల నా అడుగును తాకగానే పొరలో చిక్కుకున్న తేమ ఆవిరై, లావు ట్రాకుల వెంట బొబ్బలు లేచాయి. ఐసీ కాళ్ల మధ్య సన్నటి మాస్క్ గట్టు ఉండాలి. అది ఊడిపోయి, రెండు కాళ్లూ టంకంతో కలిసిపోయాయి. సరిగా కాలని ఇంకు మీద చిన్న చిన్న టంకం గుండ్లు అతుక్కున్నాయి. ఒకమ్మాయి ఓపిగ్గా రాగి జాలీతో ఆ టంకం పీల్చేసి, బ్లేడుతో బొబ్బలు చదును చేసింది. టెస్టు బల్ల మీద దీపాలు వెలిగాయి. 'ఓకే' స్టిక్కరు పడింది. పొర పట్టు ఎంతో ఆ దీపాలకేం తెలుసు?

ఎండలే నన్ను చంపుతాయని అందరూ అనుకున్నారు. నలభై దాటిన వేసవి నన్నేమీ చేయలేదు. వట్టి దుమ్ములో వట్టి రాగికి భయం లేదు. దెబ్బ కొట్టింది వాన. ఈ జిల్లాలో సెప్టెంబరులోనే వానలు ఎక్కువ. టంకానికి వాడగా లేచిన పెచ్చుల కింద మిగిలిపోయిన ఫ్లక్సు తేమను పీల్చింది, పక్క ట్రాకుల్లో 415 వోల్టులు, రాగి మీద పచ్చటి చిలుం పాకింది. ఫేజును కొలిచే నా దారిలో లక్షల ఓముల రెసిస్టర్లుంటాయి, అక్కడ నడిచే కరెంటే బహు స్వల్పం. ఆ కాస్తా చిలుం మీదుగా కారిపోతే ఉన్న ఫేజు లేనట్టే లెక్క. వాన పడ్డన్నాళ్లూ మోటారుతో పని లేదు కాబట్టి సంగతి ఎవరికీ తెలియలేదు. తర్వాత బెట్ట పట్టింది. శెనక్కాయకు ఊడలు దిగే అదను. కరెంటుంది, బోర్లో నీళ్లున్నాయి, నేను మాత్రం 'ఫేజు లేదు' దీపం పట్టుకుని కూర్చున్నాను.

ఉరవకొండలో మోటార్లు చుట్టే అంగడికి నన్ను సంచిలో తెచ్చారు.

"ఏమప్పా, మొన్న కొన్నదే గదా ఇది?"

"కొత్తదే మామా. ఐసీలన్నీ బాగుండాయి. పైపూతే నిలబడలేదు, చూడు."

మెకానిక్ గోటితో గీకితే పచ్చపొర పొట్టులా లేచింది. పాత పళ్ల బ్రష్షును స్పిరిట్‌లో ముంచి చిలుమంతా తోమాడు. రాగి ఎర్రబడేదాకా వదల్లేదు. చర్లపల్లిలో జరగాల్సిన రుద్దుడు అక్కడ జరిగింది. బల్బు వేడికి బాగా ఆరనిచ్చి, వైండింగ్‌కు వాడే వార్నీషునే సన్నటి కుంచెతో బయటపడ్డ ట్రాకుల మీద రెండు పూతలు పూశాడు. స్క్రూలు బిగించే ప్యాడ్ల మీద చుక్క పడనీయలేదు. కేబుల్ దూరే కన్నాన్ని ఎంసీల్‌తో మూసి పంపాడు, బల్లులు కూడా రాకుండా.

మా లాటువే ఇంకొన్ని ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. ఇప్పుడతను డబ్బా విప్పగానే మీటరు పట్టుకోడు. పచ్చపొర మీద సెల్లోటేపు గట్టిగా అతికించి, చటుక్కున లాగుతాడు. కర్మాగారాల్లో చేసే పరీక్షా ఇంచుమించు ఇదే. టేపుకు పచ్చపెచ్చులు అంటుకొస్తే రైతు చెప్పేది పూర్తిగా వినకుండానే స్పిరిట్ సీసా మూత తిప్పుతాడు.